గోడకెక్కిన మూసీ

మియాపూర్‌లో అక్కావాళ్ళ కొత్త ఫ్లాటు. హాలు గోడకి పాత వీధుల పటం పెట్టాలని అక్క ముచ్చట. ఆన్‌లైన్లో ఎటు చూసినా పారిస్, లండనే. "ఆ ఊళ్ళల్లో మనం ఎన్నడన్నా ఆటో ఎక్కినమా?" అన్నాడు బావ. రాజమండ్రి నుంచి చుట్టపుచూపుగా వెళ్ళిన నాకు హైదరాబాదు పటం వెతికే పని పడింది.

ఆదివారం కదాని అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి పోయాను. గ్రూప్స్ గైడ్ల కింద పాత అట్లాసు నుంచి చింపిన పేజీలు కవర్లలో కనిపించాయి. మద్రాసు ఉంది, బొంబాయి ఉంది, హైదరాబాదు లేదు. ఉన్నా కొనేవాణ్ణి కాదేమో! ఒక పుస్తకాన్ని చంపి గోడకి అలంకారం చేయడం నాకెందుకో మనసొప్పదు.

చివరికి బావే ఫోన్లో పట్టాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది కదా. ఆ తర్వాత 1912-15 మధ్య లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో సర్వే చేసి గీసిన పటాలవి. సందు సందూ, ఇల్లిల్లూ విడివిడిగా కనిపిస్తాయి. పురానాపూల్ నుంచి చార్మినార్ దాకా ఉన్న ముక్క తీసుకున్నాం. మొదటి ప్రింటులో వీధుల పేర్లన్నీ చీమలబారు! చిన్న ఫైలుని మూడడుగులకి సాగదీశాడు ప్రింటు షాపు మహానుభావుడు. పెద్ద ఫైలిచ్చి మళ్ళీ తీయించాం, డబ్బులూ మళ్ళీ ఇచ్చాం.

పాడైన ప్రింటుని మడిచి జేబులో పెట్టుకుని నయాపూల్ దాటాను. ఉస్మానియా ఆసుపత్రి వెనకాల చింతచెట్టు కింద నిలబడ్డాను. వరద రోజు నూటయాభై మంది దాకా ఈ కొమ్మలు పట్టుకునే బతికారట. అక్కణ్ణుంచి పురానాపూల్ దర్వాజా. పటంలో ఊరి చుట్టూ ప్రాకారం గీత ఉంది. దాని దర్వాజాల్లో ఇప్పుడు నిలిచినవి ఇదీ, దబీర్‌పురాదీ, రెండే. 1578 నాటి పురానాపూల్ వంతెన మీద కూరగాయల బేరాలు మాత్రం జోరుగా సాగుతున్నాయి.

ఫ్రేములు కట్టే పెద్దాయన కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "చుట్టూ రెండంగుళాలు మౌంటు అట్ట ఇడువాలె సార్. అద్దానికి కాయితం తాకితే చెమ్మకు అంటుకుంటది. కిటికీకి ఎదురుంగ పెట్టకుండ్రి, రంగు పోతది." బంగారు రంగు ఫ్రేము వద్దని సన్నటి నల్ల చెక్క ఎంచాడు. ఆయన మాటే నెగ్గింది, మంచిదే అయింది.

సాయంత్రం మేకు కొట్టి తగిలించాం. అక్క కుర్చీ ఎక్కి, అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, "మనిల్లేదిరా ఇందులో?" అంది. బావ టేపు తెచ్చాడు. మూడడుగుల్లో దాదాపు రెండు కిలోమీటర్ల ఊరుంది. ఆ లెక్కన వాయవ్యంగా గోడ వెంట కొలుచుకుంటూ పోతే, మియాపూర్ పక్క ఫ్లాటువాళ్ళ హాల్లో పడింది.