రూతు గ్రంథంలో పొలం లెక్క

"నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు." పెళ్లిళ్లలో కూడా చదివే ఈ మాట, నిజానికి బైబిలులోని రూతు గ్రంథంలో కోడలు రూతు తన అత్త నయోమితో అన్నది. అన్నదీ విన్నదీ విధవరాళ్లే. అప్పటి ఆస్తి పద్ధతి తెలిస్తేగానీ దాని బరువు తెలియదు.

సంఖ్యాకాండము 27లో వారసుల వరస ఉంది: కొడుకు, అతను లేకపోతే కూతురు, తర్వాత అన్నదమ్ములు, తండ్రి అన్నదమ్ములు, చివరికి దగ్గరి రక్తసంబంధి. భార్య ఆ వరసలో లేనే లేదు. పరాయి దేశమైన మోయాబులో భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి కోడళ్లను పుట్టిళ్లకు పొమ్మంటూ ఒక మాట అడుగుతుంది: ఈ రాత్రే నాకు పెళ్లయి కొడుకులు పుట్టినా, వాళ్లు పెద్దయ్యేదాకా మీరు ఆగుతారా? ఆమె మనసులో ఉన్నది ద్వితీయోపదేశకాండము 25లోని నియమం. కలిసి ఉంటున్న అన్నదమ్ముల్లో ఒకడు కొడుకు లేకుండా చనిపోతే, ఆ భార్యను అతని సోదరుడు చేసుకోవాలి. పుట్టే మొదటి కొడుకు పోయినవాడి పేరు నిలబెడతాడు. ఆదికాండము 38లో తామారు అనే విధవరాలు మరిది షేలా కోసం ఇలాగే కాచుకుని మోసపోయింది. రూతుకు కాచుకోవడానికి మరిది కూడా లేడు. అది తెలిసే నయోమి వెంట ఆమె ఊరు బేత్లెహేముకు నడిచింది.

ఇక తిండి మాట. పరిగె అన్న మాట మన పల్లెల్లో ఉన్నదే కాబట్టి ఈ ఘట్టం మనకు ఇట్టే అర్థమవుతుంది. చేను అంచుల దాకా కోయకూడదు, మరచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. అవి పరదేశికీ, తండ్రి లేనివాళ్లకూ, విధవరాలికీ. రూతు మోయాబు స్త్రీ కాబట్టి పరదేశి, విధవరాలు కూడా. మొదటి రోజే దుల్లకొడితే ఏఫా యవలు వచ్చాయి, అంటే సుమారు 22 లీటర్లు. పరిగెకు అది చాలా ఎక్కువ. పనల్లోంచి కొన్ని కావాలనే లాగి పడేయమని ఆ చేను యజమాని, నయోమి భర్తకు బంధువు అయిన బోయజు కూలీలకు చెప్పడం వల్ల అంత వచ్చింది. అయినా యవల కోత, గోధుమల కోత ముగిస్తే పరిగె కూడా ముగుస్తుంది. నయోమి ఆమెను పెళ్లి ఆశతో బోయజు కళ్లానికి పంపింది అందుకేననిపిస్తుంది.

బోయజు మరిది కాడు, కాబట్టి ద్వితీయోపదేశకాండపు నియమం అతన్ని కట్టిపడేయదు. బంధువు అమ్ముకున్న పొలాన్ని డబ్బిచ్చి విడిపించడం లేవీయకాండము 25లోని వేరే నియమం. ఈ రెండింటినీ పురద్వారం దగ్గర, పదిమంది పెద్దల ముందు అతను జతచేశాడు. అతనికంటే దగ్గరి బంధువు ఒకడు, నయోమి అమ్ముతున్న భర్త పొలం మాట వినగానే "విడిపిస్తాను" అన్నాడు. పొలంతోపాటు రూతును కూడా చేసుకోవాలనగానే వెనక్కి తగ్గాడు. లెక్క సులువే. నయోమికి పిల్లలు పుట్టే వయసు దాటింది. ఒక్క పొలమే అయితే అడిగే వారసుడు ఉండడు, భూమి తనకే మిగులుతుంది. రూతుకు కొడుకు పుడితే మాత్రం తను పెట్టిన డబ్బు తన పిల్లలకు దక్కదు, పొలం రూతు చనిపోయిన భర్త మహ్లోను పేరు మీదికి పోతుంది.

ఇక్కడ చెప్పు తీయడాన్ని ద్వితీయోపదేశకాండపు అవమానంతో కలిపి బోధించడం తరచు జరిగే పొరపాటు. అక్కడ పెళ్లికి ఒప్పుకోని మరిది చెప్పును విధవరాలే ఊడదీసి అతని ముఖాన ఉమ్మివేస్తుంది. ఇక్కడ వెనక్కి తగ్గిన ఆ బంధువే తన చెప్పు తీసి ఇస్తాడు. అది బేరం ఖాయమైందనే గుర్తు మాత్రమే, ఉమ్మివేయడమన్నది లేదు.

ఆ బంధువు పేరు గ్రంథంలో ఎక్కడా లేదు. బోయజు అతన్ని పిలిచిన చోట హీబ్రూలో ఉన్నది "పెలోని అల్మోని". ఉర్దూ మీదుగా మనకొచ్చిన "ఫలానా"కు మూలమైన అరబ్బీ మాట ఈ "పెలోని"కి చుట్టమే.

చనిపోయినవాడి పేరు నిలబెట్టడానికే రూతును చేసుకుంటున్నానని బోయజు పెద్దల ఎదుట పలికాడు. తీరా చివరి వంశావళిలో రూతుకు పుట్టిన ఓబేదుకు తండ్రిగా ఉన్నది బోయజే. మహ్లోను ఊసు లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మాత్రం "నయోమికి కొడుకు పుట్టాడు" అన్నారు. బిడ్డకు పేరు పెట్టింది కూడా వాళ్లే.