పొడుగు పిస్టల్, పొట్టి పిస్టల్: మండపేట గోదాములో ఐదు నెలల లెక్క

జూన్, రెండో వారం

ప్రశ్న మా తమ్ముడిది. వాడు పోలీసు శాఖలో ఎస్సై. కొన్నేళ్ళు రంపచోడవరం వైపు ఏజెన్సీలో పనిచేసి వచ్చాడు కాబట్టి, డ్యూటీ లేని రోజుల్లో కూడా ఆయుధం వెంట ఉంచుకోవడానికి అనుమతి ఉంది. డ్యూటీలో వాడేది పెద్ద పిస్టల్, సెలవు రోజున చొక్కా కింద కనబడకుండా ఇమిడేది చిన్నది. "అక్కా, పెద్దదానితో బాగానే కొడుతున్నాను. చిన్నది చేతికొస్తే గురి చెదిరిపోతోంది. గొట్టం పొట్టిదైతే గుండు తిన్నగా వెళ్ళదా?" అని అడిగాడు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. 2024 జూలై 28న పారిస్‌లో మను భాకర్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కంచు పతకం గెలిచిన రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. ఎన్.సి.సి.లో .22 రైఫిలు పట్టిన చేయి ఇరవై ఏళ్ళు ఖాళీగా ఉండి మళ్ళీ మేల్కొంది. వాడి ఆయుధాన్ని నేను ముట్టుకోకూడదు, ముట్టుకోను. కానీ వాడి ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఎయిర్ పిస్టళ్ళు చాలు. లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించని గొట్టం, 20 జౌళ్ళు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్నులకు మన దేశంలో లైసెన్సు అక్కరలేదు. నా పిస్టల్ నుంచి 0.53 గ్రాముల పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. లెక్క కడితే ఆరు జౌళ్ళు.

స్థలం మామగారి పాత రైసు మిల్లు గోదాము. మిల్లు ఆగి చాలా కాలమైంది. కోతల సమయంలో మాత్రం ధాన్యం వ్యాపారులు అద్దెకు తీసుకుంటారు, అంటే నాకు నవంబరు దాకా గడువు. లోపల తలుపు గడియ వేసుకుంటేగాని పెల్లెట్ పెట్టను. లక్ష్యం వెనక కొబ్బరి పీచు కూరిన చెక్కపెట్టె, దాని వెనక కిందికి వంచి బిగించిన ఇనుప రేకు, ఆ వెనక గోడ. కార్డు మధ్య బిందువు నేల నుంచి 1.4 మీటర్లు ఉండాలి. రెండు ట్యూబులైట్లు కార్డు మీదికి మాత్రమే పడేలా కట్టాను. పెల్లెట్లు సీసం కాబట్టి గోదాములో టీ కూడా తాగను, బయటికి వచ్చి సబ్బుతో చేతులు కడిగాకే ఏదైనా.

జూన్, చివరి వారం

మూడు పిస్టళ్ళు సమకూరాయి. నాది పూర్తి కొలత మ్యాచ్ పిస్టల్, అంటే పోటీల్లో వాడేది, బరువు 960 గ్రాములు. రెండోది నా శిష్యురాలిది, జూనియర్ల కోసం కురచగా చేసిన మ్యాచ్ పిస్టల్. మూడోది ఒక మిత్రుడి ఇంట్లో బీరువాలో పడివున్న పొట్టిది. పై మీటను ఒక్కసారి ఎత్తి దించితే ఒక దెబ్బకు సరిపడా గాలి నిండుతుంది. బరువు 780 గ్రాములు.

గురి చూడటానికి పిస్టల్ పైన రెండు సైట్లుంటాయి, వెనక ఒక గాడి, ముందు ఒక మొన. టేపు పెట్టి వెనక సైటు నుంచి ముందు సైటు దాకా కొలిచాను. నాది 340 మిల్లీమీటర్లు, శిష్యురాలిది 290, పొట్టిది 200. అందరూ గొట్టం పొడవు అడుగుతారు గానీ, చూసుకోవలసిన అంకె ఇది.

మొదట గొట్టాల సంగతి తేల్చాలి. మిల్లులో పాత బెంచి వైసు, అంటే వస్తువును కదలకుండా బిగించే ఇనుప పట్టు, ఉంది. పిస్టళ్ళకు సైకిలు ట్యూబు చుట్టి అందులో బిగించాను. ఒక్కోదానితో పది చొప్పున కొట్టి, దూరంగా పడిన రెండు రంధ్రాల మధ్యల నడుమ ఎంత దూరముందో కొలిచాను. పొడుగుది 3 మిల్లీమీటర్లు. శిష్యురాలిది 3.5. పొట్టిది 9.

కార్డు నడిమధ్య ఉండే పదో వలయం, అంటే పది మార్కులిచ్చేది, వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు. అంటే బీరువాలో దుమ్ము పట్టిన ఆ పొట్టి పిస్టల్ కూడా, చేయి అడ్డు రాకపోతే, పదికి పది పదుల్లోనే పెడుతుంది. అదే సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "మరి నా చేతిలో ఎందుకు పెట్టదు?" అన్నాడు. ఆ ప్రశ్నకే ఇన్ని నెలలు పట్టింది.

జూలై

వానలు. రాయడానికి ముందు గాలి గురించి చెప్పాలి, మన కోనసీమ, గోదావరి లంకల వైపు ఈ ఆట మొదలుపెట్టేవారికి ఇది పనికొస్తుంది. నా పిస్టల్ సిలిండరులో 200 బార్ల ఒత్తిడి దాకా గాలి నింపాలి. చేతిపంపుతో నింపుతాను. ఈ జూలై గాలిలో తేమ ఎంతంటే, ఆ ఒత్తిడికి నొక్కేసరికి నీరుగా మారుతుంది. ఒకనాడు పంపు విడుదల మర తిప్పితే తెల్లటి నీటి తుంపర చిమ్మింది. ఆ నీరు సిలిండరులోకి చేరితే లోపల తుప్పు, కవాటాలు పాడు. అప్పటి నుంచి పంపు గాలి పీల్చే చోట సిలికా జెల్ గొట్టం తగిలించాను. ఇరవై అయిదు పోట్లు వేసి పది నిమిషాలు పంపు చల్లారనిస్తాను. ఉక్కపోత తగ్గిన తెల్లవారుజామున మాత్రమే నింపుతాను. జెల్ గులకలు నీలం నుంచి గులాబీకి తిరిగితే పెనం మీద వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ పెనం వేరు, వంటింటిది కాదు.

ఇక చేతి లెక్క. అయిదు సాయంత్రాలు, ఒక్కో పిస్టల్‌తో రోజుకు 60 దెబ్బలు, పోటీ నియమం ప్రకారం ఒక్క చేత్తో, మణికట్టుకు ఏ ఆధారమూ లేకుండా. పది దెబ్బల గ్రూపు సగటు వెడల్పు, అంటే వైసులో కొలిచినట్టే దూరంగా పడిన రెండు రంధ్రాల నడుమ దూరం: పొడుగుది 48 మిల్లీమీటర్లు, జూనియరు పిస్టల్ 55, పొట్టిది 84. అరవై దెబ్బల స్కోరు సగటున 534, 519, 452.

వైసులో 9, చేతిలో 84. ఈ రెండూ వర్గాల్లో కలుస్తాయి కాబట్టి, 84 వర్గం నుంచి 9 వర్గం తీసేసి మూలం కడితే 83.5 వస్తుంది. ఆ 84 మిల్లీమీటర్లలో గొట్టం వాటా అర మిల్లీమీటరు. మిగతాదంతా నాదే. పదో తరగతి పిల్లలకు ఈ లెక్కే నల్లబల్ల మీద వేసి చూపించాను, పైథాగరస్ ఇంత పనికొస్తాడని వాళ్ళు అనుకోలేదు.

ఆగస్టు

సైటు లెక్క. ముందు సైటు వెనక గాడిలో సరిగ్గా మధ్యన నిలవక అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకుందాం. 340 మిల్లీమీటర్ల పిస్టల్‌లో ఆ అర మిల్లీమీటరు 10 మీటర్ల దగ్గర 14.7 మిల్లీమీటర్లవుతుంది. 200 మిల్లీమీటర్ల దానిలో 25. వలయాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కాబట్టి, అదే తప్పుకు పొట్టి పిస్టల్ మరో వలయానికి పైగా జరిమానా వేస్తుంది.

తమ్ముడికి అర్థమయ్యేలా అందరికీ తెలిసిన గ్లాక్ కంపెనీ పిస్టళ్ళ కొలతలతో చెప్పాను. గ్లాక్ 17 గొట్టం 114 మిల్లీమీటర్లు, 19ది 102, చిన్నదైన 26ది 87. సైట్ల మధ్య దూరం సుమారు 165, 153, 137. అదే అర మిల్లీమీటరు తప్పు పెద్దదానిలో 10 మీటర్లకు 30 మిల్లీమీటర్లు, చిన్నదానిలో 36. తేడా ఆరు మిల్లీమీటర్లే. "అంతేనా? నాకు చెదిరేది జానెడు!" అన్నాడు. వాడి మాట నిజం. సైటు ఒక్కటే అయితే అంత చెదరకూడదు.

నా పిస్టల్ సైట్ల మధ్య దూరాన్ని కొంత మార్చుకునే వీలుంది. దగ్గరకు జరిపి 316 చేసి మూడు రోజులు కొట్టాను. గ్రూపు 48 నుంచి 50కి వెళ్ళింది. కొలవగలిగినంత తేడా కూడా కాదు. సైటు మీద ఉన్న అనుమానం నాకు అక్కడితో సగం తీరింది.

మరో సంగతి బయటపడింది. నాకు నలభై నాలుగేళ్ళు, చత్వారం మొదలైంది. గురి చూసేటప్పుడు కన్ను ముందు సైటు మీద నిలవాలి, నల్లచుక్క మసకగా కనబడాలి. పొడుగు పిస్టల్ ముందు సైటు నా కంటికి 92 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పొట్టిదానిది 78లో ఉంది. ఆ దగ్గరితనానికి సైటు అంచు నాకు తేటపడటం లేదు. రాజమండ్రిలో కళ్ళద్దాల షాపతనికి చేయి చాచి చూపించి, నా దూరపు చూపుకు +0.75 కలిపి కుడి కంటికి ఒక అద్దం చేయించుకున్నాను. నలభై దాటినవారు ముందు ఈ పని చేసి, తరువాతే పిస్టల్‌ను తిట్టాలి. అద్దం వచ్చాక పొట్టిదాని గ్రూపు 84 నుంచి 79కి దిగింది.

సెప్టెంబరు

అసలు దోషి ట్రిగ్గరు.

చేపల సంతలో వాడే కొక్కెం కాటా తెచ్చి కొలిచాను. పోటీ నియమం ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువు ఆపాలి. నాది 520. పొట్టిదాన్ని లాగితే కాటా ముల్లు 1350 దగ్గర గాని కదలలేదు. పిస్టల్ మొత్తం బరువే 780. తన బరువుకు దాదాపు ఒకటిముప్పావు రెట్ల బలంతో లాగుతుంటే పిస్టల్ పక్కకు తిరగకుండా ఎలా ఉంటుంది? నా పిస్టల్‌లో ఆ లాగుడు దాని బరువులో సగం పైచిలుకు మాత్రమే. ఈ రెండు నిష్పత్తులూ కాగితం మీద రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. గొట్టం గురించీ సైటు గురించీ నేను వాదించుకున్న మూడు నెలల కంటే ఈ రెండు అంకెలు ఎక్కువ చెప్పాయి.

గ్లాక్ వంటి పిస్టళ్ళలో ట్రిగ్గరు సుమారు రెండున్నర కిలోలు. పెద్దదానిలోనూ అంతే, చిన్నదానిలోనూ అంతే. పిస్టల్ తేలికయ్యే కొద్దీ అదే లాగుడు దాన్ని ఎక్కువ కదుపుతుంది. దానికి తోడు పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు. ఆ లాగుడును ఎదుర్కొని పట్టి నిలిపే పనిలో చివరి రెండు వేళ్ళకూ వాటా ఉంది.

ట్రిగ్గరు విప్పి అరగదీయడం నాకు ఇష్టం లేదు, అది ప్రమాదం, పైగా పిస్టల్ నాది కాదు. పిడిని మార్చవచ్చు. పిడికి ముందు పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద ఎం-సీల్ ముద్ద పెట్టి, మెత్తగా ఉన్నప్పుడే గట్టిగా పట్టుకుని నా వేళ్ళ అచ్చు దిగనిచ్చాను. చిటికెన వేలికి కింద ఒక చిన్న అరుగులా వదిలాను. ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. చెమట చేతికి జారకుండా పైన నూలు టేపు. చిన్న ఖర్చు, రెండు సాయంత్రాల పని. మిత్రుడికి తిరిగి ఇచ్చేటప్పుడు మొత్తం ఊడి వచ్చేస్తుంది.

మళ్ళీ అయిదు సాయంత్రాలు కొట్టాను. 79 నుంచి 66కి వచ్చింది. పొడవు అదే, గొట్టం అదే, ట్రిగ్గరు అదే, సైట్లు అవే. చిటికెన వేలికి చోటు దొరికింది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్టోబరు

తమ్ముడు దసరా బందోబస్తు ముగించుకుని రెండు రోజులు వచ్చాడు. వాడు పోలీసు శిక్షణలో నేర్చుకున్నది రెండు చేతుల పట్టు. "నువ్వు ఒక్క చేత్తో కొట్టి నాకు లెక్కలు చెబితే ఎలా అక్కా?" అన్నాడు. న్యాయమైన మాట. నేను కూడా వాడి దగ్గర ఆ పట్టు నేర్చుకుని, రెండు పిస్టళ్ళతో చెరి అరవై కొట్టాను. పొడుగుది 40 మిల్లీమీటర్లు, పిడి మార్చిన పొట్టిది 51. ఒక్క చేత్తో మొదట 36 మిల్లీమీటర్లున్న తేడా పదకొండుకు వచ్చింది. రెండో చేయి పిస్టల్ బరువును పెంచదు గానీ, ట్రిగ్గరు లాగుడుకు ఎదురు నిలుస్తుంది.

వాడు పొట్టిదానితో మొదటి పది దెబ్బలు కొట్టినప్పుడు నేను కార్డు చూడలేదు, వాడి చేయి చూశాను. చిటికెన వేలు అరుగు మీద పెట్టకుండా మడిచి పిడి కిందికి దాచుకున్నాడు. సెలవుల్లో మోసే చిన్న పిస్టల్ మీద పడిన అలవాటు. గ్రూపు 93, మొత్తం ఎడమ కిందికి. కుడిచేతి వాటం మనిషి ట్రిగ్గరును లాగి పారేస్తే పడే చోటు అది. అరుగు చూపించి, ట్రిగ్గరు మీద వేలు మొదటి కణుపు మధ్యకు తెప్పించి, "దెబ్బ ఎప్పుడు పేలుతుందో నీకే తెలియనంత నిదానంగా నొక్కరా" అన్నాను. మూడో కార్డుకు 58.

వాడి అవసరం వేరని నాకు తెలుసు. వాడు ఆలోచించేది అయిదు, ఏడు మీటర్లు, కళ్ళ ముందు మనుషులున్న చోటు. అక్కడ 58కీ 40కీ తేడా లేదు. కానీ 93కూ 58కీ ఉంది, ఆ తేడా వాడి వేలి కింద ఉంది. చిన్నదానితో ఏడాదికి ఎన్ని గుళ్ళు సాధన చేస్తాడో అడిగాను. పెద్దదానితో చేసే దానిలో పదోవంతు కూడా లేదు. వెనక్కి ఎక్కువగా తన్నుతుంది, చేయి నొస్తుంది, స్కోరు సిగ్గుపడేలా వస్తుంది, అందుకని పక్కన పెట్టేస్తాడట. డ్యూటీ లేనప్పుడు వెంట ఉండేదేమో అది. నేను కోప్పడ్డాను, వాడు తల వంచుకుని విన్నాడు. ఇకమీదట రేంజికి వెళ్ళినప్పుడు మొదటి గుళ్ళు చిన్నదానితోనే కొడతానని మాట ఇచ్చాడు. చిటికెన వేలు నిలిచేలా అడుగు భాగం పొడుగ్గా ఉన్న మ్యాగజీన్ (పిడిలోకి దూర్చే గుళ్ళ పెట్టె) ఆయుధశాలలో దొరుకుతుందేమో అడుగుతానన్నాడు. చొక్కా కింద ఒక సెంటీమీటరు ఎక్కువ కనబడినా సరే అన్నాను.

నవంబరు 4

ఉదయం మొదటి ట్రాక్టరు ధాన్యం బస్తాలతో వచ్చింది. ట్యూబులైట్లు విప్పాను. పీచుపెట్టెలోంచి సీసం ఏరి డబ్బాలో పోసి తూచాను, కిలో మీద 900 గ్రాములు. పొట్టి పిస్టల్‌ను నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లంతో పెట్టెలో పెట్టాను. మిత్రుడు దాన్ని సంక్రాంతి దాకా ఉంచుకోమన్నాడు. ఎం-సీల్ పిడి ఊడదీయలేదు. గోదాము ఖాళీ అయ్యేదాకా పెల్లెట్ లేకుండా పడకగది గోడ మీది చుక్కకు రోజూ వంద గురులు, అందులో అరవై పొట్టిదానితో.