లైనింగ్ గుడ్డ, జీరో టికెట్

తిప్పర్తి దగ్గర మా ఊళ్లో నేను బ్లౌజులు కుడతాను. లైనింగ్, హుక్స్, దారాలు అన్నీ నల్లగొండ ప్రకాశం బజారు నుంచే రావాలి. ఇదివరకు వాటిని బండి మీద వెళ్లి తెచ్చేది మా ఆయన. చీర కొంగు చివర చిన్న ముక్క కత్తిరించి జేబులో పెట్టి పంపినా, నెమలికంఠం రంగుకు ఆకుపచ్చ తెచ్చేవాడు. పైగా "రెండూ ఒకటే కదా" అనేవాడు. మార్చుకురావాలంటే మళ్లీ బండి తియ్యాలి. 2021లో నూరు దాటిన పెట్రోలు మళ్లీ కిందికి దిగలేదు. మీటరు లైనింగ్ కన్నా దాన్ని మార్చే ఖర్చే ఎక్కువ. అట్లా మార్చకుండా మిగిలిన ముక్కలు ఇంట్లో ఒక సంచి నిండా ఉన్నాయి.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ అయ్యాయి. పైసలు లేకుండా కండక్టర్ ఇచ్చే ఆ టికెట్‌నే జీరో టికెట్ అంటారు. మొదట నేను ఎక్కలేదు. సిగ్గేసింది, నిజం చెప్తున్నా. మా తమ్ముడు నవ్వి, "సబ్బు కొన్నా నువ్వు పన్ను కడ్తున్నవ్ అక్కా, ఆ టికెట్ పైసలు సర్కారు అందులకెళ్లే కడ్తది" అన్నాడు. ఆలోపే పదకొండు బ్లౌజుల పెళ్లి ఆర్డరు వచ్చింది. ఇక ఆయన్ని నమ్మే ధైర్యం లేక ఆధార్ కార్డు పట్టుకుని బయల్దేరాను.

దుకాణంలో ట్యూబులైటు కింద ఒక రంగు, ఎండలో ఇంకో రంగు. థాను గడప బయటికి తెచ్చి చీర పక్కన పెట్టి చూశాను. ఇన్నేళ్లూ ఈ పని నేను ఎందుకు చేసుకోలేదో! ఇప్పుడు వారానికోసారి వెళ్తాను. ఒక్క జిప్పు కోసమైనా సరే.

మా ఊరి ఆటో మరిదికి మాత్రం నా ముఖం చూపించలేకపోయాను కొన్నాళ్లు. "మీరు బాగుపడ్డరు వదినా, మా గిరాకీ పోయింది" అన్నాడు. ఆ రోజుల్లో ఆటోవాళ్లు ధర్నాలు కూడా చేశారు. అతని మాటలో తప్పేం లేదు. ఇప్పుడు పత్తి ఏరే కూలీలను తీసుకెళ్తున్నాడు, అదీ సీజన్ ఉన్నన్నాళ్లే.

నార్కట్‌పల్లిలో మా అక్క వాళ్లింటికి పోయినప్పుడు హైవే మీద ఈ-గరుడ చూశాను. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే కరెంటు బస్సు, 2023 మేలో మొదలైంది. పొగ లేదు. నా మిషన్‌కు మోటారు పెట్టించుకున్న రోజు గుర్తొచ్చింది, అన్నేళ్లు తొక్కి తొక్కి మోకాళ్లు పోయాక. అందులో జీరో టికెట్ చెల్లదులెండి. మా పల్లెవెలుగుకు ఆ మోటారు ఎప్పుడొస్తుందో!

మా ఆయన బండి ఇప్పుడు పొలం దాకే పోతుంది. పోయిన వారం "నేనూ వస్తా" అన్నాడు. ఆయన టికెట్‌కు పైసలు నేనే ఇచ్చాను. దుకాణంలో చీర ముక్క చేతికిచ్చి, ఏది సరిపోతుందో చెప్పమన్నాను. చాలాసేపు చూశాడు. ఆకుపచ్చ థాను మీదే చెయ్యి పెట్టాడు.