ప్రార్థన కొండ నుండి వెల్లంపల్లి వరకు

ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కాలన్న కోరిక ఈ వేసవిలో తీరింది. ఎండ ముదరకముందే పైకి చేరి, చుట్టూ పరుచుకున్న పట్టణాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. 1854 జనవరి 1వ తేదీ వేకువన మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడే మోకరించి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్యకు వచ్చి అప్పటికి 18 ఏళ్ళయినా, నెల్లూరు సంఘం ఇంకా చాలా చిన్నదిగానే ఉండేది. ఫలం కనిపించని ఈ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు సాగింది. 1862లో అది మళ్ళీ తలెత్తినప్పుడు, ఎవరూ తోడు రాకపోయినా తాను తిరిగి వెళ్ళి తెలుగువారి మధ్యనే కన్నుమూస్తానని జూయెట్ పట్టుబట్టాడు. ఆయనతో కలిసి ఓడ ఎక్కి వచ్చినవాడే జాన్ క్లౌ.

క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన పేరు మనకు బాగా తెలుసు. కానీ మాదిగ కుటుంబానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య వంటి తెలుగు బోధకులు ఊరూరా తిరిగి చేసిన సేవను మన సంఘాలు అంతగా తలచుకోవడం లేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న సంగతి.

కొండ దిగి, జాతీయ రహదారి మీదుగా ఉత్తరాన ఉన్న వెల్లంపల్లికి ఆటోలో బయలుదేరాను. దారి పొడవునా నా మనసు 1876–78 నాటి కరువు మీదనే ఉంది. ఆ రోజుల్లో ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, పూర్వం అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఇతర చోట్ల మేస్త్రీల చేతుల్లో అవమానాలు పడ్డ మాదిగలకు అక్కడ పని, కూలి, కాస్త గౌరవం దొరికాయి. బోధకులే పని చూసుకుంటూ, కూలీలు సేదతీరే వేళల్లో వారి మధ్య కూర్చుని క్రీస్తు మాటలు చెప్పేవారు.

విన్నవారిలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, దాదాపు 15 నెలలపాటు క్లౌ ఎవరికీ ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవారికి అన్నం పెడుతూనే, సంఘంలో చేరతామన్నవారిని ఆగమనడం ఎంత కష్టమో సేవలో ఉన్నవారికే తెలుస్తుంది. జూయెట్ పట్టుదల కన్నా ఇదే నాకు గొప్పదిగా తోస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఓర్చుకున్నది మిషనరీ ఒక్కడే కాదు, రేపు బతుకుతామో లేదో తెలియని ఆ పేదలు కూడా.

వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డుకు దిగాను. 1878 జులై 3న ఇక్కడే ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ నీళ్ళలో నిలబడి ఇచ్చారు. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు. ఒడ్డున మేకలు కాస్తున్న పెద్దాయనను పలకరిస్తే, "మా ముత్తాత కాలవ పనికి పోయినోడేనయ్యా, మా ఇంట్లో అందరం అప్పటినించీ గుడికి పోయేవాళ్ళమే" అన్నారు. ఆ ముత్తాత పేరు అడిగి నా పుస్తకంలో రాసుకున్నాను.