నానక్ పక్కన నడిచినవాళ్లు

కార్తీక పౌర్ణమినాడు మనం దీపాలు వెలిగిస్తాం. సిక్కులు అదే రోజు తమ మొదటి గురువు గురు నానక్ జయంతి జరుపుకుంటారు. ఆ రోజు నేను తప్పకుండా చదువుకునే చరణం ఒకటి సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ సాహిబ్‌లో, శ్రీరాగంలో ఉంది:

"నీచా అందరి నీచ్ జాతి, నీచీ హూ అతి నీచ్
నానక్ తిన్ కై సంగ్ సాథ్, వడియా సియో కియా రీస్"

తక్కువవాళ్లు అనిపించుకున్న వాళ్లలోకెల్లా తక్కువైనవాళ్లు ఎవరో, నానక్ వాళ్లకే తోడు, గొప్పవాళ్లతో అతనికి పోటీ ఏమిటి అని భావం. అలాంటివాళ్లను ఆదరించే చోటే నీ కృపాదృష్టి పడుతుందని ఆ వెంటనే దేవుడితో అంటారు.

ఈ మాటను ఆయన ఎంతగా పాటించారో తెలియాలంటే మొదట్లో ఆయన వెంట ఉన్నది ఎవరో చూడాలి. అందరికన్నా ముందు భాయి మర్దానా. ఇద్దరిదీ ఒకే ఊరు తల్వండీ, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న నన్‌కానా సాహిబ్. మర్దానా ముస్లిం. ఇళ్లలో శుభకార్యాలకు పాడి, ఇచ్చింది పుచ్చుకుని బతికే మిరాసీల కుటుంబం. 1459లో పుట్టాడని సంప్రదాయం చెబుతుంది, అంటే నానక్ కన్నా పదేళ్లు పెద్ద. ఏళ్ల తరబడి సాగిన ఆ యాత్రల్లో గురువు పాడితే రబాబ్ అనే తంత్రీవాద్యం వాయించింది ఆయనే. "మర్దానా, రబాబ్ అందుకో, వాణి వస్తోంది" అనేవారట నానక్. వాణి అంటే తన నోట పలికే దైవగీతం. నానక్ జీవితం గురించి చెప్పుకునే జనమ్‌సాఖీ కథల్లో మర్దానాకు ఆకలేస్తుంది, దాహమేస్తుంది, ఇల్లు గుర్తొస్తుంది. దాచుకోకుండా గురువుకే చెప్పేస్తాడు. నాకు ఆయన మీద అంత ప్రేమ కలగడానికి కారణం అదే. ఆకలిని జయించాకే నా వెంట రా అని గురువు ఎప్పుడూ అనలేదు. గురు గ్రంథ సాహిబ్‌లో బిహాగడా రాగంలోని వార్ అనే గేయంలో మర్దానా పేరుతో మూడు శ్లోకాలు కూడా ఉన్నాయి.

తర్వాత సయ్యద్‌పూర్ వడ్రంగి భాయి లాలో. ఆ ఊరి అధికారి మలిక్ భాగో పెద్ద విందు చేసి పిలిచినా నానక్ వెళ్లకుండా లాలో ఇంట్లో ఎండు రొట్టె తిన్నారు. ఎందుకని నిలదీస్తే రెండు రొట్టెలూ చేతుల్లోకి తీసుకుని పిండారని, లాలో రొట్టె నుంచి పాలు, భాగో రొట్టె నుంచి నెత్తురు కారాయని కథ. ఆ మహిమ మాట ఎలా ఉన్నా, పేరున్న మనిషి పిలుపు కాదని కష్టజీవి గడప తొక్కడం మనలో ఎంతమందికి చేతనవుతుంది?

ఏటా భక్తులను జ్వాలాముఖి అమ్మవారి దర్శనానికి తీసుకెళ్లే లెహణా కర్తార్‌పూర్‌లో నానక్ దగ్గర ఆగిపోయాడు. నీళ్లు మోశాడు, పొలంలో పనిచేశాడు. 1539లో గురుపీఠం నానక్ కొడుకులకు దక్కలేదు. లెహణాకే దక్కింది. ఆయనే రెండో గురువు, గురు అంగద్.

అంగద్ భార్య మాతా ఖీవీ గురించి ఇంకా చెప్పుకోవాలి. అంగద్ స్థిరపడిన ఖడూర్‌లో, అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్ బాధ్యత ఆమెదే. సత్తా, బల్వండ్ అనే రబాబీ గాయకులు పాడిన వార్‌లో ఆమె పేరుంది. ఖీవీ మంచి మనిషి, ఆమె నీడ దట్టమైన ఆకుల చెట్టు నీడలాంటిది, ఆమె లంగర్‌లో నెయ్యి వేసిన పాయసం వడ్డిస్తారు అని అందులో ఉంది. పంక్తిలో కూర్చున్న ప్రతివాళ్ల విస్తట్లోనూ ఆ పాయసమే పడింది, కులం అడగకుండా.