మూడేళ్లప్పుడు మూసిన రంధ్రం, ముప్పై ఏళ్లకు మార్చిన వాల్వ్

చిన్నప్పుడు ఏడిస్తే నా పెదాలు నీలంగా మారేవట. నాలుగడుగులు పరిగెత్తి, గొంతుక్కూర్చునేదాన్నట. అలా కూర్చుంటే కాళ్లవైపు రక్తప్రవాహానికి అడ్డు పెరిగి ఊపిరితిత్తులకు కాస్త ఎక్కువ రక్తం వెళ్తుంది. ఈ జబ్బున్న పిల్లలకు ఆ కిటుకు ఎవరూ నేర్పరు, ఒళ్లే కనిపెడుతుంది.

జబ్బు పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకు, వాటితోపాటు మరో రెండు లోపాలు. మూడేళ్లప్పుడు ఆపరేషన్ చేసి రంధ్రం మూశారు, ఇరుకు దారిని కోసి ప్యాచ్ వేసి వెడల్పు చేశారు. మర్నాటికే గోళ్లు గులాబీ రంగుకొచ్చాయని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఇంట్లో ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది. హైస్కూలు దాటాక చెకప్‌లూ ఆగిపోయాయి. పిల్లల విభాగం ఇక రావద్దంది, పెద్దల విభాగానికి వెళ్లమని ఎవరూ అనలేదు. నాలాంటివాళ్లలో చాలామంది ఆ సందులోనే జారిపోతారు.

దారిని వెడల్పు చేసినప్పుడు అక్కడి వాల్వ్ సరిగా మూసుకోకుండా పోతుంది. ఊపిరితిత్తులకు పంపిన రక్తంలో కొంత, గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనక్కి వస్తుంది. పిల్లల గుండె ఈ లీకును ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా భరిస్తుంది. ఈలోగా కుడి జఠరిక, అంటే గుండెలో కుడివైపు కింది గది, మెల్లగా సాగుతూ పోతుంది. గుండె తెరిచి ఈ లోపాన్ని మొదటిసారి సరిచేసింది 1954లో. లీకు ఇంత పని చేస్తుందని స్పష్టమైంది, అప్పట్లో బతికి బట్టకట్టిన పిల్లలు పెద్దవాళ్లయ్యాకే.

ముప్పైలోకి వచ్చాక అప్పుడప్పుడు గుండె దడ మొదలైంది. పెద్దల్లో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు చూసే డాక్టరమ్మకు చూపించుకున్నాను. "ఆయాసం ఉందా?" అంటే లేదన్నాను. సైకిల్ తొక్కించి ఊపిరి కొలిచే పరీక్ష చేస్తే, నా వయసువాళ్లు చేయగలిగినదానికి చాలా తక్కువ వచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. "పుట్టినప్పట్నుంచీ ఇదే ఊపిరి కదమ్మా, పోల్చుకోవడానికి నీకు ఇంకోటేదీ?" అందావిడ. ఈ జబ్బులో మన ఒంటి సాక్ష్యాన్ని మనమే నమ్మకూడదని అప్పుడర్థమైంది. మెట్ల దగ్గర ఎప్పుడూ అందరికన్నా వెనక ఉండటం నా స్వభావం అనుకున్నాను, గుండె సంగతి అనుకోలేదు.

ఎంఆర్ఐలో కుడి జఠరిక బాగా సాగిందని తేలింది. ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పు, అంటే జఠరికల్లో విద్యుత్ సంకేతం పాకడానికి పట్టే సమయం, 180 మిల్లీసెకన్లు దాటితే ప్రాణం మీదికి తెచ్చే లయ తప్పడాలకు అవకాశం ఎక్కువట. నాది ఇంకా ఇటువైపే ఉంది. లీకయ్యే వాల్వ్ మార్చాలన్నారు. మరీ ఆలస్యమైతే మార్చినా జఠరిక పాత సైజుకు రాదు, మరీ తొందరపడితే పెట్టిన వాల్వ్ త్వరగా అరిగిపోయి ఇంకో ఆపరేషన్ ముందుకొస్తుంది. ఆ రెంటి మధ్య సమయం పట్టుకోవడమే డాక్టర్ల విద్య. తొడ దగ్గరి నాళం గుండా వాల్వ్ పెట్టే పద్ధతి 2000 నుంచీ ఉంది. కానీ నా ప్యాచ్ దగ్గర నాళం మరీ వెడల్పు, ఆ వాల్వ్ నిలవదన్నారు.

అందుకే పాత మచ్చ మీదే మళ్లీ కోశారు. రెండోసారి కోతలో గుండె రొమ్ము ఎముకకు అతుక్కుని ఉంటుంది కనుక, విడదీయడానికే చాలాసేపు పట్టిందట. నాకు గుర్తున్నదల్లా దగ్గు. దగ్గొస్తుందంటే చాలు, దిండు గుండెలకు హత్తుకుని వణికేదాన్ని. ఎముక అతుక్కునేదాకా బరువులెత్తవద్దన్నారు. మా ఆయన నీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వలేదు, అదంతా అతి.

కొన్ని నెలలకు మళ్లీ ఎంఆర్ఐ తీస్తే జఠరిక కుదించుకుంది. ఇప్పుడు మాట్లాడుతూ మెట్లెక్కుతున్నాను. ఇది మామూలు మనుషులకు మామూలు విషయమట!

జంతు కణజాలపు వాల్వ్ కనుక పది, పదిహేనేళ్లకు మళ్లీ మార్చాల్సి రావచ్చు, అప్పటికి తొడ దారి కుదరవచ్చు. పళ్లు పీకించుకోవాలన్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. పిల్లల్ని కనవచ్చన్నారు, కడుపులో ఉండగానే బిడ్డ గుండెకు ఎకో తీస్తామన్నారు. ఏడాదికోసారి రమ్మన్నారు. వచ్చే తారీఖు ఫోన్లో వేసి పెట్టాను.