అమెరికా బడి నుంచి హన్మకొండ బడికి: ఏ తరగతిలో తేవాలి?

హన్మకొండకు తిరిగొచ్చే కుటుంబాలు మొదట అడిగేది ఏ స్కూలు మంచిదని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది పిల్లలను ఏ తరగతిలో తేవాలన్నది. స్కూలు నచ్చకపోతే ఏడాది తిరిగేలోపు మార్చుకోవచ్చు. తరగతి ఎంపికలో పొరపడితే సీటు, ఫీజు, లోకల్ కోటా అన్నీ దాని వెంటే పోతాయి.

అమెరికా ప్రభుత్వ బడిలో తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లకూ కలిపి ఒకటే ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల పత్రం. కాలేజీలు చూసేది దాన్నే. ఇక్కడ డాక్టరు సీటుకూ ఆ నాలుగేళ్లే లెక్క. 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరసగా తెలంగాణలో చదివి ఇక్కడే పాసైనవాళ్లే ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాలో లోకల్. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. మినహాయింపులున్నది ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికే. అంటే తొమ్మిదో తరగతి అక్కడే కానిచ్చి పదిలో తెచ్చిన కుటుంబం, ఇల్లు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ గేటు ఎదురుగానే ఉన్నా, కౌన్సెలింగులో నాన్‌లోకలే. ఇంజినీరింగు సీట్లకూ ముందు చూసేది నాలుగేళ్ల చదువునే.

పిల్లలు అక్కడే పుట్టి అమెరికా పౌరులైతే ఇంకో తేదీ ఉంది. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ నీట్, జేఈఈ సీట్ల విషయంలో ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) పిల్లలను ఎన్నారై, సూపర్‌న్యూమరరీ (మామూలు సీట్లకు పైన కలిపే) సీట్లకు పరిమితం చేసింది. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2012లో పుట్టి ఆ ఏడాదే కార్డు తీసుకున్న అక్కది ఒక వరస, 2016లో పుట్టి 2022లో కార్డు వచ్చిన తమ్ముడిది ఇంకో వరస. పాస్‌పోర్టు మారినప్పుడు కొత్త కార్డు తీసుకుంటే పాత కార్డు జిరాక్సు తప్పకుండా దాచండి, మొదటి తేదీకి అదే సాక్ష్యం.

ఇక సీబీఎస్ఈలో తొమ్మిది, పది కలిపి ఒక కోర్సు, పదకొండు, పన్నెండు కలిపి ఇంకొకటి. విదేశీ బోర్డు పిల్లలు తొమ్మిదిలోనో పదకొండులోనో చేరాలి, దానికి స్కూలు బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. నేరుగా పదిలో చేర్చుతామని అడ్మిషన్ కౌంటరులో ఎవరైనా చెప్పినా, నమ్మేముందు కాగితం మీద రాసి ఇమ్మనండి. పదకొండులో తెస్తే పిల్ల చేతిలో పదో తరగతి మెమో ఉండదు, ఎందుకంటే అమెరికాలో పదికి పబ్లిక్ పరీక్షే లేదు. మన దగ్గర టెన్త్ మెమో అంటే జీవితాంతం పుట్టినతేదీకి కూడా రుజువు. అది లేని పిల్లకు ప్రతి కౌంటరులోనూ అక్కడి చదువు మన పదితో సమానమనే ఒక తుల్యతా పత్రం, ఒక అఫిడవిట్, ఒక సంజాయిషీ.

ఈ లెక్కలన్నీ కలిపితే, అక్కడ ఏడో తరగతి పూర్తిచేసి జూన్‌లో ఇక్కడ ఎనిమిదిలో చేరడం ఆఖరి మంచి అదను. తొమ్మిదికి ముందు తట్టుకోవడానికి ఒక ఏడాది దొరుకుతుంది. ఐదు, ఆరులోనే తెస్తే ఇంకా సులువు. మన బడులు జూన్ 12న తెరుస్తారు. టెక్సాస్‌లో మే ఆఖరుకే బడి అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు, న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాకా నడుస్తుంది. ఆ పిల్లలు మొదటి రెండు వారాలు పోగొట్టుకుంటారని ముందే అనుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చే జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల కుటుంబాలకు ఈ తిప్పలు తక్కువ. అక్కడ మనవాళ్ల పిల్లలు ఎక్కువగా చదివేది సీబీఎస్ఈ స్కూళ్లలోనే, టీసీ మీద అటెస్టేషన్ ఉంటే పని నడుస్తుంది. అయితే లోకల్ లెక్క వాళ్లకూ తప్పదు.

టీసీ దగ్గరే అమెరికా పిల్లలకు మొదటి చిక్కు. అక్కడి బడి టీసీ ఇవ్వదు, ఆ మాటే వాళ్లకు తెలియదు. విత్‌డ్రాయల్ ఫారం నింపించుకుని రికార్డులు చేతికిస్తారు, లేదా కొత్త బడికి పంపుతారు. రిజిస్ట్రారును అడిగి లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకోండి. పిల్ల పేరు, పుట్టినతేదీ, చదివిన తరగతులు, చివరి రోజు, పై తరగతికి ప్రమోట్ అయినట్టు, ఈ ఐదూ అందులో ఉండాలి. దాన్నీ రిపోర్టు కార్డులనూ నోటరీ చేయించి, ఆ రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో (చాలా చోట్ల అది సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు) అపోస్టిల్, అంటే కాగితం అసలుదేనని వేరే దేశాలు ఒప్పుకునే ముద్ర, వేయించండి. అక్కడ ఉండగా వారాల్లో తేలే పని, సుబేదారిలో కూర్చుని చేయించాలంటే నెలలు పడుతుంది. ఆధార్‌కు కూడా ఓసీఐ పిల్లలు గడిచిన ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండాలి, అందుకని స్కూలు అడిగిన మొదటి రోజే అది ఇవ్వలేరు.

తేదీల గొడవ ఒకటి కాచుకుని ఉంటుంది. అమెరికా కాగితాల్లో నెల ముందు, రోజు తర్వాత. 06/12/2012 అంటే అక్కడ జూన్ 12. అడ్మిషన్ రిజిస్టరులో మన గుమాస్తా డిసెంబరు 6 అని ఎక్కిస్తాడు, అదే పదో తరగతి నామినల్ రోల్స్‌లోకి (పరీక్ష రాసే పిల్లల వివరాలతో బోర్డుకు పంపే జాబితా), అక్కడి నుంచి మెమోలోకి పోతుంది. పేరుదీ అదే వరస: ఇంటిపేరు ముందుండాలని ఇక్కడ, వెనకుండాలని అక్కడ. చేర్చే రోజే నెలను అక్షరాల్లో రాసివ్వండి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఎక్కించమనండి, రిజిస్టరు తిప్పి మీ కళ్లతో చూడండి. నామినల్ రోల్స్ పోకముందు దిద్దించడం ఒక పూట పని.

తరగతి గదిలో మొదట తగిలే దెబ్బ చేతిరాతది. క్రోమ్‌బుక్ మీద టైపు చేసిన పిల్ల మూడు గంటల్లో 80 మార్కుల పేపరు రాయలేదు. జవాబు తెలిసీ రాయలేక మార్కులు పోతాయి. వచ్చే ముందు ఆరు నెలలు రోజూ రెండు పేజీలు, గడియారం పెట్టి, లాంగ్ నోట్‌బుక్కులో బాల్‌పెన్నుతో రాయించండి. రెండో దెబ్బ కాలిక్యులేటరుది. అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్ లెక్కల్లో అది మొదటి నుంచి చివరి దాకా తెర మీదే ఉంటుంది. మన ఇంజినీరింగు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 లెక్కలవే, కాలిక్యులేటరు లేదు. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు, భిన్నాలు నోటికి వచ్చేయాలి. మైళ్లు, పౌండ్లు, ఫారెన్‌హీట్ విమానంలోనే వదిలేయాలి.

తెలుగు 2018 చట్టంతో బడుల్లో తప్పనిసరైంది. సీబీఎస్ఈ వంటి బోర్డుల తొమ్మిది, పది పిల్లల కోసం "వెన్నెల" అనే సరళ తెలుగు వాచకం పెట్టారు, రాష్ట్ర బోర్డు మామూలు వాచకం "సింగిడి" కన్నా అది తేలిక. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు తడబడేది ఒత్తుల దగ్గర, డిక్టేషన్ దగ్గర. నాయనమ్మ "ఏం బిడ్డా, ఏం జేసినవ్ బడిల?" అంటే గడగడా చెప్పే పిల్ల, అదే పరీక్షలో రాయమంటే ఆగిపోతుంది. "పోయిన" అని రాస్తే "వెళ్ళాను" అని దిద్దుతారు. ఇంటి మాట తప్పని మాత్రం పిల్లకు చెప్పకండి. పరీక్షకు ఒక తెలుగు, ఇంటికి ఒక తెలుగు అంటే చాలు, ఇంగ్లిషులో వాళ్లకు ఆ అలవాటు ఎలాగూ ఉంది.

అమెరికా బడి వాళ్లకిచ్చిన వాటిలో పోస్టర్లు, ప్రాజెక్టులు, లాకర్లు పోతే పోనివ్వండి. నిలబెట్టుకోవాల్సింది అడిగే అలవాటు. అక్కడ పాఠం మధ్యలో చెయ్యెత్తి "ఈ స్టెప్ ఎందుకు?" అంటే మెచ్చుకుంటారు. నయీంనగర్‌లో అరవై మంది ఉన్న సెక్షన్‌లో, శనివారం పరీక్షకు సిలబస్ తరుముతుంటే, అదే ప్రశ్న పెడసరంగా వినిపిస్తుంది. రెండుసార్లు "కూసో" అనిపించుకున్న పిల్ల మూడోసారి అడగదు. ఆ నష్టం పదిలో కనపడదు, ఇంటర్‌లోనూ కనపడదు. బీటెక్ ల్యాబ్ వైవాలో, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, ఉద్యోగంలో మొదటి రివ్యూ మీటింగులో బయటపడుతుంది. చేర్చిన వారంలోనే క్లాస్ టీచరుతో మాట్లాడండి. నోట్సు మార్జిన్‌లో డౌటు రాసుకుని స్టడీ అవర్‌లో అడగడం పిల్లకు నేర్పండి. తరగతిలో మౌనం, స్టడీ అవర్‌లో ప్రశ్న: ఈ ఒప్పందం చాలా బడుల్లో నడుస్తుంది.

అక్కడ ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి రాసిచ్చే ప్రణాళిక) కింద స్పీచ్ థెరపీయో, పరీక్షకు అదనపు సమయమో పొందుతున్న పిల్లలుంటే, వాళ్ల అవసరాన్ని తేల్చడానికి అక్కడ పరీక్షించి ఇచ్చిన నివేదిక మొత్తం తెచ్చుకోండి. ఇక్కడ అది సలహాగానే పనికొస్తుంది. పదో తరగతి మినహాయింపులకు మన మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి, ఆ పని తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి.

కొందరు పిల్లలు మళ్లీ అమెరికా వెళ్తారు. ఇంటర్ మధ్యలో పంపితే అక్కడ అమెరికా చరిత్ర, గవర్నమెంటు, పీఈ క్రెడిట్లు తక్కువపడి గ్రాడ్యుయేషన్ ఒక ఏడాది జరగొచ్చు, కాబట్టి ఇంటర్ ముగించి కాలేజీకే పంపడం మేలు. పౌరులైన పిల్లలకు ఇక్కడుండి కూడా కాలేజీ ఖర్చుకు అమెరికా ప్రభుత్వమిచ్చే ఫెడరల్ సాయానికి దరఖాస్తు చేసే వీలుంది. ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు తక్కువ ఫీజు) మాత్రం, తల్లిదండ్రులు హన్మకొండలో ఉంటే, ఆశించకండి. అక్కడి కాలేజీలకు తొమ్మిదో తరగతి మార్కులూ కావాలి, మన ఇళ్లలో ఎవరూ దాచనిది అదే. ఆ ప్రోగ్రెస్ కార్డు మీద స్కూలు ముద్ర వేయించి భద్రపరచండి. వాళ్లు అడిగే కౌన్సెలర్ ఉత్తరం (పిల్లను గురించిన సిఫార్సు) ఇక్కడి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ రాయాలి, అదీ ఆ కాలేజీ ఈమెయిల్ నుంచి. ముందస్తు దరఖాస్తుల గడువు చాలా చోట్ల నవంబరు 1. సెకండ్ ఇయర్‌లో ఆగస్టులోనే వెళ్లి అడగండి, బతుకమ్మ, దసరా సెలవులు మొదలైతే ఆఫీసు గదికి తాళమే ఉంటుంది.